ఎర్రక్షరాల డబ్బా

మొన్న ఇంటికి రంగులు వేయిద్దామని అటక మీది సామానంతా కిందికి దింపించాను. జగ్గయ్యపేటలో ఈ ఇల్లు కట్టుకున్నప్పటి నుంచి ఆ అటక ఎక్కడమే తప్ప దిగడం ఎరగని వస్తువులు బోలెడున్నాయి. రంగులేసే ఆయన పైనుంచి ఒక్కొక్కటే అందిస్తుంటే నేను కింద నిలబడి, ఉంచేది ఒక పక్కకి, పారేసేది ఒక పక్కకి విడదీస్తున్నాను. పారేసే కుప్పలోకి వెళ్లబోతూ ఒక చదరపు రేకు డబ్బా నా చేతిలో ఆగిపోయింది. ఒకప్పుడు బిస్కట్లు పోసి అమ్మిన డబ్బా అది. మూత మీది పూలబొమ్మ ఎప్పుడో వెలిసిపోయింది. ముందువైపు మాత్రం కత్తితో అడ్డదిడ్డంగా గీకిన గీతలున్నాయి. ఆ గీతల మధ్య, ఎంత గీకినా లొంగని ఎర్రరంగు నలుసులు రెండు మూడు మిగిలాయి. ఆ ఎరుపు చూడగానే డబ్బా ఒళ్లో పెట్టుకుని మేడమెట్టు మీద కూర్చున్నాను.

"అమ్మమ్మా, ఆ తుప్పు డబ్బా పట్టుకోకు. టాక్సిక్ అది" అంది మా మనవరాలు హర్షిత, ఫోన్లోంచి తల ఎత్తకుండానే.

హర్షిత మా అమ్మాయి పెద్ద కూతురు. హైదరాబాదులో కంప్యూటర్ల ఉద్యోగం చేస్తుంది. నాలుగు రోజులుండి పోతానని లాప్‌టాప్ పట్టుకుని వచ్చింది, పన్నెండో రోజు నడుస్తోంది. వచ్చినప్పటి నుంచి ఆ ఒక్క మాట దాని నోట్లో ఊతపదమైంది. రోడ్డు మీద దుమ్ము టాక్సిక్. పెళ్లెప్పుడని అడిగిన ఎదురింటావిడ టాక్సిక్. నేను చూసే సీరియల్లో అత్తగారు టాక్సిక్, అది సరే, ఆ సీరియల్ చూస్తున్న నేనూ కొంచెం టాక్సిక్కేనట. రోజూ ఫోన్ చేసి అన్నం తిన్నావా అని అడిగే వాళ్లమ్మ టాక్సిక్. వాళ్ల మేనేజరు టాక్సిక్. గోంగూర పచ్చట్లో కారం ఎక్కువైనా అదే మాట. ముప్పై ఏళ్లు ఆడపిల్లల హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పినదాన్ని, నాకు ఒళ్లు మండకుండా ఎట్లా ఉంటుంది. తింటే, తాకితే, పీలిస్తే ప్రాణానికి హాని చేసేదాన్ని అనాల్సిన మాట అది. దాన్ని పచ్చడికీ పక్కింటికీ ఒకేలా వాడేస్తుంటే ఎవరైనా ఎర్ర ఇంకుతో గీత కొట్టకుండా ఉండగలరా. అదే అన్నాను ఒకరోజు. "మీనింగులు మారిపోతాయి అమ్మమ్మా, నువ్వింకా బ్లాక్‌బోర్డు దగ్గరే ఉన్నావ్" అని నవ్వేసింది. నేనూ ముఖం ముడుచుకుని ఊరుకున్నాను. అయితే ఫోను మోగినప్పుడల్లా అది ఉలిక్కిపడి బోర్లా తిప్పేయడమూ, అన్నం ముందు కూర్చుని మెతుకులు లెక్కపెట్టడమూ నేను చూస్తూనే ఉన్నాను. ఈ కాలం పిల్లల తిండి ఇంతేలే అనుకున్నాను.

ఆ డబ్బా మా నాయనమ్మది. నందిగామ నుంచి వీరులపాడు వెళ్లే దారిలో, బస్సు దిగి మైలు నడిస్తే మా ఊరు. నల్లరేగడి చేలు, సగం మిరప, సగం పత్తి. మా చిన్నప్పుడు ఇంటికి ఒక వాసన ఉండేది. కళ్లంలో ఆరబోసిన మిరపకాయల ఘాటు, కొట్టుగదిలో కందుల ధూళి, పెరట్లో కాగే వెన్న, వీటన్నిటి అడుగున పలచగా పురుగుమందు వాసన. మందు అనే అనేవాళ్లం. పత్తికి మందు కొట్టాలి, మిరపకి మందు తేవాలి. జ్వరమొస్తే వేసుకునేదీ మందే, పురుగుని చంపేదీ మందే, మాకేమీ తేడాగా తోచేది కాదు. ఖాళీ అయిన మందు డబ్బాలు గట్టిగా ఉంటాయని ఇసకా బూడిదా వేసి తోమి, ఇంట్లో వాడుకోవడం కూడా మా వైపు మామూలే. ఒకసారి చేలో కూలికొచ్చిన ఒకామె అట్లాంటి డబ్బాలో మజ్జిగ పోసుకుని తాగి వాంతులు చేసుకుంది. ఎడ్లబండి కట్టి నందిగామ ఆస్పత్రికి తీసుకెళ్తే బతికింది. ఆరోజు నుంచి మా నాన్న కొత్త చట్టం పెట్టాడు. ప్రాణం తీసే వస్తువు ఇంట్లో ఏది ఉన్నా దాని మీద విషం అని రాసి ఉండాలి, ఆ రాత ఉన్న డబ్బా ఎవ్వరూ ముట్టుకోకూడదు.

దానికి నాయనమ్మ అడ్డం పడింది. మా నాయనమ్మ చదువుకోలేదు గానీ ఆ ఇంట్లో ఆవిడ ఒప్పుకోనిది ఏదీ జరిగేది కాదు. ఇంట్లో ఆ మాట పలకడమే తప్పు, ఇక గోడలకీ డబ్బాలకీ రాసి పెట్టుకుంటారా అంది. "పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటార్రా. పొద్దున్నే లేచి ఆ మాట మొహం చూస్తే, వాళ్లు తథాస్తంటే, ఏ గడ్డి కరిచి చావాలి మనం" అంది. నాన్న తల గోక్కున్నాడు. ఆయన పదో తరగతి చదివినవాడు, తల్లి మాట తీసెయ్యలేడు, తన చట్టం వదులుకోలేడు. అప్పుడు నేను ఏడో తరగతి. ఆరోక్లాసులో మొదలైన ఇంగ్లీషు అక్షరాలు నాకు బాగా అబ్బాయని ఇంట్లో పేరు. నందిగామ కొట్టు నుంచి తెచ్చిన మందు డబ్బాల మీద పుర్రెబొమ్మ కింద అచ్చేసి ఉండే మాట నాకు కంఠతా వచ్చు. "పాయిజన్ అని రాస్తే సరి. తథాస్తు దేవతలకి ఇంగ్లీషు రాదు" అన్నాను నేను. తాతయ్య పడక్కుర్చీలో కూర్చుని పొట్ట కదిలేలా నవ్వాడు. నాయనమ్మ కాసేపు ఆలోచించి, దేవతల చదువు సంగతి తనకీ అంతుబట్టక, సరే కానీమంది.

ఎడ్ల కొమ్ములకి వెయ్యగా మిగిలిన ఎర్రరంగు ఒక చిప్పలో ఉండేది. వేపపుల్ల చివర నమిలి కుంచె చేసుకుని, ఆ రంగుతో నేను ఇల్లంతా తిరిగాను. పురుగుమందుల డబ్బాల మీద, బ్లీచింగు పొడి మీద, పశువుల గాయాలకి రాసే నల్లద్రావకం సీసా మీద, ఎలకల మందు పొట్లం పెట్టే డబ్బా మీద, అన్నిటి మీదా ఆరు పెద్దక్షరాలు. చదువు రానివాళ్లకి నాన్న ఒకే మాట చెప్పాడు, ఎర్రక్షరాలున్న డబ్బా జోలికి పోవద్దని. ఖమ్మం వైపు నుంచి పత్తి తీతకి వచ్చే కూలీలు కూడా "గా ఎర్రది ముట్టొద్దంట" అని ఒకళ్లకొకళ్లు చెప్పుకునేవాళ్లు. నేను రాసిన ఒక మాటకి అంతమంది పెద్దవాళ్లు ఆమడ దూరం జరగడం చూస్తే నాకు గర్వంగా ఉండేది. తాతయ్య నన్ను పంతులమ్మా అని పిలవడం మొదలుపెట్టింది అప్పుడే. తర్వాత నేను నిజంగా పంతులమ్మనే అయ్యాను గానీ ఆ పిలుపులో ఉన్న హోదా ఏ జీతంలోనూ దొరకలేదు.

తాతయ్య గురించి చెప్పాలంటే రెండు చెప్పాలి. ఒకటి నశ్యం. రోజుకి ఒక డబ్బీ పీల్చేవాడు, దాంతో ఆయనకి ముక్కు పనిచెయ్యడం మానేసి చాలాకాలమైంది. పాలు మాడిపోతున్నా పక్కనే కూర్చుని పేపరు చదివేవాడు. రెండోది తీపి. భోజనమయ్యాక ఏదో ఒక తీపి నోట్లో పడకపోతే ఆయనకి భోజనం అయినట్టే కాదు. సున్నుండ, అరిసె ముక్క, ఏదీ లేకపోతే బెల్లం గడ్డ. అయితే ఏది చేతికొచ్చినా దాన్ని విరిచి మొదటి సగం నా చేతిలో పెట్టేవాడు. జామకాయైనా, శనక్కాయైనా, జగ్గయ్యపేట సంత నుంచి తెచ్చిన జీళ్లైనా అంతే. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆయన నాకు పెట్టకుండా నోట్లో వేసుకున్నది నేను చూడలేదు. నా తర్వాత పుట్టిన తమ్ముడు ఆటల్లో పడి దగ్గరికి వచ్చేవాడు కాదు కాబట్టి ఆ వాటా పూర్తిగా నాదే. "ముందు పిల్ల నోట్లో పడాలి. అప్పుడే నాకు రుచి తెలిసిద్ది" అనేవాడు.

అట్లాంటి మనిషికి షుగరు వచ్చింది. కాలి వేలి మీద పుండు నెల్లాళ్లయినా మానకపోతే నందిగామ తీసుకెళ్లారు. డాక్టరుగారు పరీక్షలు చేయించి, "తీపి ముట్టుకోకండి. ఇకనుంచి తీపంటే విషం అనుకోండి" అన్నారట. ఆ మాట తాతయ్య ఒక చెవితో విని ఇంకో చెవితో వదిలేశాడు గానీ పక్కన నిలబడ్డ నాయనమ్మ పట్టుకుంది. ఇంటికి రాగానే బెల్లం కుండ చూరులోకి, పంచదార సీసా పప్పుల వెనక్కి, సున్నుండల డబ్బా దేవుడి గూటి కిందికి చేరాయి. తాతయ్య అన్నీ కనిపెట్టేవాడు. ఇంట్లో పిల్లలున్నారు, చుట్టాలొస్తుంటారు, తీపి చెయ్యకుండా ఎట్లా కుదురుతుంది. ఆవిడ చెయ్యడం, ఆయన దొంగిలించడం, పట్టుబడడం, ఇద్దరూ మాటలు మానేసుకోవడం. పుండు మానేది కాదు. నాయనమ్మ రోజూ పసుపు పెట్టి కట్టు కడుతూ కళ్లు తుడుచుకునేది. ఆ కట్టు వాసన నాకు ఇప్పటికీ గుర్తే.

ఒకరోజు ఆవిడ నన్ను వంటింట్లోకి పిలిచింది. పొట్టు మినుములు వేయించి, బెల్లం వేసి, నెయ్యి పోసి కట్టిన సున్నుండలు, నల్లగా గుండ్రంగా పళ్లెం నిండా ఉన్నాయి. పక్కనే ఈ బిస్కట్ల డబ్బా.

"దీనిమీద ఆ మాట రాయవే" అంది.

"ఏ మాట?"

"అదేనే, ఎర్రది. మీ తాత చదవగలడుగా. చూసి పక్కకి పోతాడు."

"ఇది సున్నుండల డబ్బా కదా నాయనమ్మా. అబద్ధం రాస్తే తప్పు కదా."

"అబద్ధం ఏముంది ఇందులో. ఆయనకి అది విషమేనని డాక్టరుగారు చెప్పలా? నువ్వేం అబద్ధం రాయట్లా. మనకి కాదు, ఆయనకి. రాయి తల్లీ, నీకు రోజూ ఒకటి."

ఆవిడ వాదనలో నాకు తప్పు దొరకలేదు. రోజూ ఒకటి అన్నది కూడా గట్టిగానే పనిచేసింది. రాశాను. వారం రోజులు అది నిజంగా పనిచేసింది. తాతయ్య ఆ డబ్బా చూసి తప్పుకుని పోయేవాడు. పుండు చుట్టూ కొత్త చర్మం వస్తోందని నాయనమ్మ అందరికీ చూపించేది. తరవాత ఒక మధ్యాహ్నం తాతయ్య గూటి ముందు నిలబడి చాలాసేపు ఏదో చూస్తున్నాడు. నేను పక్కన నిలబడితే వేలితో చూపించాడు. చీమలు బారులు తీరి ఆ డబ్బా మూత కిందికి దూరుతున్నాయి, వస్తున్నాయి. అన్నీ హుషారుగానే ఉన్నాయి. "పంతులమ్మా, విషానికి చీమలు పట్టడం ఎక్కడైనా చూశావా" అన్నాడు. ఆయన మూత తీసి, ఒకటి తీసి, విరిచి, సగం నా చేతిలో పెట్టాడు.

ఇక్కడ నా తప్పు నేను చెప్పుకోవాలి. నాయనమ్మకి చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. నాయనమ్మ దగ్గర రోజూ ఒకటి, తాతయ్య దగ్గర రోజూ సగం, నా రోజులు అట్లా తియ్యగా గడిచాయి. పన్నెండేళ్ల పిల్లకి ఇంతకంటే మంచి ఏర్పాటు ఏముంటుంది. డబ్బా తొందరగా ఖాళీ అవుతోందని గమనించి నాయనమ్మ ఒకరోజు దాన్ని గూటి కింద నుంచి ఎక్కడికో మార్చేసింది. తాతయ్య రెండు రోజులు ఇల్లంతా గాలించాడు. పశువుల పాక కూడా వదల్లేదు. పైకి మాత్రం ఏమీ ఎరగనట్టు, పంచె కుచ్చిళ్లు సర్దుకుంటూ తిరిగేవాడు.

ఆ రోజుల్లోనే కొట్టుగదిలో ఎలకలు ఎక్కువయ్యాయి. కందుల బస్తాలకి చిల్లులు పడుతున్నాయని నాన్న ఎలకల మందు తెచ్చి, నూకలు, బెల్లం పాకం, నువ్వులనూనె కలిపి, ఆ మందు చల్లి ఉండలు కట్టాడు. నల్లగా, గుండ్రంగా. నాలుగు ఉండలు బస్తాల మూలల్లో పెట్టి, మిగిలినవి ఒక రేకు డబ్బాలో పోసి నన్ను పిలిచాడు. మా ఇంట్లో ఆ బిస్కట్ల డబ్బాలు రెండుండేవి, ఒకేసారి కొన్నవి, ఒకే పూలబొమ్మ. ఆ రెండోదాని మీద నేను అవే ఆరు అక్షరాలు, అదే ఎర్రరంగుతో, అంతే అందంగా రాశాను. నాన్న దాన్ని కొట్టుగదిలో పై అరలో పెట్టి తలుపు దగ్గరగా వేశాడు.

మర్నాడు మధ్యాహ్నం భోజనాలయ్యాయి. నాన్న చేలోకి వెళ్లాడు, అమ్మ పెరట్లో గిన్నెలు తోముతోంది, నాయనమ్మ వసారాలో చాప మీద నడుం వాల్చింది. బడికి సెలవు. నేను ఏదో పనిమీద కొట్టుగది ముందు నుంచి పోతుంటే లోపలి నుంచి గుసగుసగా పిలుపు వినపడింది. "పంతులమ్మా, దొరికింది."

తాతయ్య బస్తా మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్లో డబ్బా, మూత పక్కన. ఆయన బొటనవేలికి ఎర్రగా అంటింది. రంగు ఇంకా పూర్తిగా ఆరలేదు. నేను ముందురోజు సాయంత్రం రాసిన డబ్బా అది. ఒక ఉండ అప్పటికే ఆయన చేతిలో ఉంది.

"తాతయ్యా, అది తినొద్దు. అది నిజంగా విషం" అన్నాను.

ఆయన ముసిముసిగా నవ్వాడు. "నిజవేనే. మీ నాయనమ్మ లెక్కలో నిజవే."

"కాదు తాతయ్యా. ఇది నాన్న చేశాడు. ఎలకలకి."

"ఓహో, ఈసారి ఎలకలా? మీ నాయనమ్మ నిన్ను బాగా తయారు చేసిందే. ఎలకలకి బెల్లం పాకం పోసి ఉండలు కట్టారా మీ నాన్న? బెల్లం తగుల్తుంది చేతికి, నాకు తెలీదూ."

ఒట్టు అన్నాను. మొన్న గూటి దగ్గర కూడా, సున్నుండలు ఎవరు తీస్తున్నారో చూళ్లేదని నువ్వు నాయనమ్మ ముందు ఒట్టేశావుగా, అన్నాడు. అదీ నిజమే. నేను ఏం చెప్పినా అది నాయనమ్మ చెప్పించిన మాటే అయి కూర్చుంటోంది. ఇంకా గట్టిగా భయపెట్టే మాట ఏదైనా ఉందేమోనని వెతుక్కున్నాను. ఉన్న ఒక్క మాటనీ నేనే తీసుకెళ్లి సున్నుండల మీద రాసేశాను. అమ్మని పిలవాలని కూడా తోచలేదు, గడప దాటి ఆయన ముందుకి వెళ్లి నిలబడ్డాను. ఉండ ఆయన నోటి దాకా వెళ్తోంది. అప్పుడు, ఎందుకు చేశానో ఇప్పటికీ నాకు తెలియదు, బహుశా ఇన్నేళ్ల అలవాటేమో, నేను చెయ్యి చాపాను.

"అయితే నాకు సగం పెట్టు" అన్నాను.

ఆయన చెయ్యి కిందికి దిగింది. అలవాటు ప్రకారం ఉండని రెండుగా విరిచాడు. సగం ముక్క నా అరచేతి మీదికి తీసుకొచ్చాడు. తెచ్చి, అక్కడ ఆపేశాడు. నా అరచేతికీ ఆ ముక్కకీ మధ్య బెత్తెడు దూరం కూడా లేదు. ఆయన ముఖంలో నవ్వు మెల్లగా పోయింది. నా ముఖంలోకి చూశాడు, ముక్క వైపు చూశాడు, మళ్లీ నా ముఖంలోకి చూశాడు.

"నిజంగానేనా" అన్నాడు.

నేను తలూపాను. ఏడుపొచ్చేసింది.

ఆయన రెండు ముక్కలూ డబ్బాలో వేసి మూత పెట్టాడు. చేతులు పంచెకి తుడుచుకోబోయి ఆగి, అట్లాగే గాల్లో పట్టుకుని బావి దగ్గరికి నడిచాడు. నన్నూ రమ్మన్నాడు. కుంకుడురసంతో ఒకసారి, బూడిదతో ఒకసారి, మళ్లీ కుంకుడురసంతో చేతులు కడుక్కున్నాడు. తరవాత నేను ఏమీ ముట్టుకోకపోయినా నా చేతులు కూడా అట్లాగే మూడుసార్లు కడిగాడు. వేళ్ల సందుల్లో కూడా రుద్దాడు. తన నోట్లో వేసుకోబోతున్నప్పుడు ఆయనకి ఏ భయమూ లేదు. నా దగ్గరికి వచ్చేసరికే ఆయనకి భయం పట్టుకుంది. నా మాట ఆయన నమ్మలేదు, ఆ అక్షరాలూ నమ్మలేదు, అయినా నా చేతిలో పెట్టడానికి మాత్రం ఆయనకి చెయ్యి రాలేదు.

నాయనమ్మకి ఆయనే చెప్పాడు, గట్టిగా కాకుండా, పక్కన చాప మీద కూర్చుని. ఆవిడ అరవలేదు, తిట్టలేదు. విని రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని వాటివైపు చూసుకుంది. "నా చేతుల్తో నేనే మిమ్మల్ని పోగొట్టుకునేదాన్నండీ" అంది. "నువ్వేం చేశావే. దొంగతనానికి అలవాటు పడ్డది నేను" అన్నాడు తాతయ్య. వాళ్లిద్దరూ ఒకళ్ల తప్పు ఒకళ్లు మీద వేసుకోవడం నేను చూడ్డం అదే మొదలు. తర్వాత తాతయ్య నావైపు తిరిగాడు. నేను దెబ్బలకి సిద్ధపడి ఉన్నాను. ఆయన మాత్రం, "పంతులమ్మా, ఆ మాట ఎక్కడ పడితే అక్కడ రాయకూడదమ్మా. మన దగ్గర అది ఒక్కటే ఉంది. అసలైన చోట రాయాల్సొచ్చినప్పుడు దానికి విలువుండాలిగా" అన్నాడు. అంతే. ఆ సాయంత్రం నాయనమ్మ కూరల కత్తి తెచ్చి, మెట్టు మీద కూర్చుని, సున్నుండల డబ్బా మీది అక్షరాలు తనే గీకింది. నేను గీకుతానంటే ఇవ్వలేదు. ఆ చప్పుడు ఇల్లంతా వినపడింది.

ఆ తరవాత దొంగతనాలు లేవు. ఆదివారం మధ్యాహ్నం భోజనమయ్యాక నాయనమ్మ తన చేత్తో ఒకే ఒక సున్నుండ తెచ్చి తాతయ్యకి ఇచ్చేది. ఆయన విరిచి సగం నాకు పెట్టి, మిగతా సగం చాలాసేపు చప్పరించేవాడు. పుండు మానింది. ఆయన ఆ తరవాత పన్నెండేళ్లు బతికాడు. నాయనమ్మ ఒక్కటి మాత్రం అడిగింది నన్ను, ఆ ఎర్రమాట చదవడం నేర్పమని. వారం రోజులు పట్టింది. ఆవిడకి అ ఆలు రావు, సంతకం రాదు, చదవడం వచ్చిన మాట లోకం మొత్తం మీద అదొక్కటే. నందిగామ బస్సులో వెళ్తూ పురుగుమందుల కొట్టు ముందు బోర్డు మీద ఆ మాట కనపడితే పైకి చదివి, నన్ను మోచేత్తో పొడిచేది.

ఇదంతా నేను మేడమెట్టు మీద కూర్చుని హర్షితకి చెప్పాను. అది ఫోను పక్కన పెట్టి వింది. అయ్యాక డబ్బా చేతిలోకి తీసుకుని ఆ గీతల మీద వేలు పెట్టి తడిమింది. "సో స్వీట్ మీ తాత" అంది. ఆ మాట వాడకం కూడా సరైనదో కాదో నాకు తెలియదు గానీ దిద్దబుద్ధి కాలేదు.

"నాకొకటి చెప్పవే. నీ టాక్సిక్కుల్లో సున్నుండల డబ్బాలేవి, ఎలకల మందు డబ్బాలేవి" అన్నాను.

"అంటే?"

"మీ అమ్మ ఉంది. టాక్సిక్ అన్నావ్. మీ చెల్లికి ఇచ్చేస్తావా మీ అమ్మని?"

"అబ్బ, నేనెందుకిస్తా. నాక్కావాలి."

"ఎదురింటావిడ?"

"ఆవిడ్ని ఎవరికైనా ఇచ్చేస్తా. ఫ్రీగా ఇచ్చేస్తా" అని నవ్వింది. పన్నెండు రోజుల్లో అట్లా నవ్వడం అదే మొదలు.

"మీ మేనేజరు? వచ్చే ఏడు మీ చెల్లి చదువైపోయిద్దిగా. అదే ఆఫీసులో, అతని కిందే వేయిస్తావా?"

అది ఇంకో హాస్యం ఆడడానికి నోరు తెరిచింది. డబ్బా పట్టుకున్న చెయ్యి గాల్లో ఆగింది. ఆ ఆగడం నేను ఇదివరకు ఒకసారి చూశాను. పన్నెండు రోజులుగా నా మనవరాలు నాకు చెబుతూనే ఉంది, పచ్చడి మధ్యా సీరియల్ మధ్యా కలిపి చెబుతూనే ఉంది, నేను పంతులమ్మనై మాట దిద్దుతూ కూర్చున్నాను. దాని తప్పు ఎంతో నా తప్పూ అంతే.

"వెయ్యను అమ్మమ్మా" అంది, చాలా చిన్నగా.

"మరి నువ్వెందుకు తింటున్నావే?"

అంతే, నా ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చేసింది. ఏడుస్తూ చెప్పింది. అవన్నీ ఇక్కడ రాయను, అది దాని సంగతి. రంగులేసే ఆయన మా వైపు చూసి, బ్రష్షు అక్కడే పెట్టి, టీ తాగొస్తానండి అని బయటికి వెళ్లిపోయాడు. మంచి మనిషి. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో నేనూ ఒక పెద్దమనిషి కింద ఆరేళ్లు పనిచేశాను. రోజూ బస్సు దిగి ఇంటి దాకా ఏడ్చుకుంటూ వచ్చి, గుమ్మం ముందు కళ్లు తుడుచుకునేదాన్ని. అప్పుడు దానికి పేరు లేదు. ఎవరికైనా చెబుదామన్నా ఏ మాటతో మొదలుపెట్టాలో తెలిసేది కాదు. సర్దుకుపో అన్నది ఒక్కటే అందరి దగ్గరా ఉండేది. ఈ పిల్లల దగ్గర ఒక మాట ఉంది. ఎక్కడ పడితే అక్కడ రాసుకుంటున్నారు, నిజమే, నేనూ రాశాను. మాట లేకపోవడం కంటే అది నయమేనని, ఇంతకాలం మొండికేసిన నేను ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

సాయంత్రం అది లాప్‌టాప్ తెరిచి ఆఫీసుకి ఒక ఉత్తరం రాసుకుంది. ఇంగ్లీషు సరిగ్గా ఉందో లేదో చూడమంది. చూశాను. ఒక కామా మార్చాను. ఆ టాక్సిక్ అన్న మాట అందులో ఒక్కసారే వాడింది, వాడాల్సిన చోటే వాడింది.

డబ్బాని పారేసే కుప్పలో వెయ్యకుండా, వేడినీళ్లతో కడిగి ఎండలో పెట్టాను. ఆదివారం పొట్టు మినుములు వేయించి సున్నుండలు కట్టి అందులో పోశాను. దాని మీద ఏమీ రాయలేదు. మొదటిది తీసి విరిచి, సగం హర్షిత చేతిలో పెట్టాను.